ఎంజీబీ కొనాలా, ఎంఎక్స్-5 కొనాలా?

రెండే సీట్లు, ముందు ఇంజిన్, వెనక చక్రాలకు శక్తి, వెనక్కి మడిచేసే టాపు. 1962లో వచ్చిన బ్రిటిష్ కారు ఎంజీబీ, 1989లో వచ్చిన జపాన్ కారు మజ్దా ఎంఎక్స్-5 రెండూ ఇలాంటివే. పాత కారు తీసుకోవాలా, ఆధునిక స్పోర్ట్స్ కారు తీసుకోవాలా అని తేల్చుకోలేకపోతున్నవాళ్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు తేలిపోతాయి. ఎంజీబీ 1980 దాకా తయారైంది, 5 లక్షలకు పైగా బయటికొచ్చాయి. ఎంఎక్స్-5 2016లో 10 లక్షల సంఖ్యను దాటింది, ఇప్పుడు నడుస్తున్నది నాలుగో తరం. రెండింటికీ విడిభాగాలు బాగా దొరుకుతాయి, పనిచేయడం తెలిసినవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఈ పోలికలో ఏ ఒక్కదానికీ అన్యాయం జరగదు.

ముందు వేగం లెక్క చూసేసి పక్కన పెడదాం. 1798 సీసీ ఎంజీబీ గంటకు 100 కిలోమీటర్లు అందుకోవడానికి 12 సెకన్ల పైమాటే. 184 హార్స్‌పవర్ ఉన్న 2 లీటర్ల నాలుగో తరం ఎంఎక్స్-5కి ఆరున్నర సెకన్లు చాలు. మలుపుల్లో పట్టు, బ్రేకులు, ప్రమాదంలో రక్షణ అన్నిట్లోనూ కొత్తదే పైచేయి. దీన్ని ఎవరూ కాదనరు. ఎంపికను తేల్చేవి వేరే రెండు ప్రశ్నలు. కారును ఎక్కడ నిలబెడతారు? నెలకు ఎన్ని గంటలు దాని మీద చెయ్యి పెట్టగలరు? తడి తగలని, కప్పున్న చోటు లేకపోయినా, నెలకు కనీసం నాలుగైదు గంటలు పనిముట్లు పట్టుకునే ఓపిక లేకపోయినా ఎంజీబీ కొనొద్దు. ఆ కారు మీద ఎంత ప్రేమ ఉన్నా సరే.

ఇంజిన్ కంటే ముందు రేకు చూడండి

ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. పైకప్పు లేని కారు కాబట్టి ముందు సగాన్నీ వెనక సగాన్నీ కలిపి పట్టుకునేవి తలుపుల కింది సిల్సే. సిల్ అంటే పైకి కనిపించే ఒక్క రేకు కాదు. బయటి సిల్, లోపలి సిల్, రెండింటి మధ్య నిలువు రేకు, అడుగున క్యాజిల్ రెయిల్ కలిసి పెట్టెలా మూసుకుని ఉంటాయి. ముందు చక్రాలు ఎగజిమ్మిన బురద ఫెండర్ వెనక పేరుకుని, తడి ఆరక, ఆ పెట్టెను లోపలి నుంచి తినేస్తుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. పాత తుప్పును కోసి తీయకుండా దాని మీదే కొత్త రేకు అతికించి, పుట్టీ పెట్టి, రంగు వేసి అమ్మే కార్లు చాలా ఉన్నాయి.

చూసే పద్ధతి ఇది. అయస్కాంతాన్ని సిల్ పొడవునా జరుపుతూ వెళ్లండి. పట్టు సడలిన చోట పుట్టీ ఉన్నట్టే. తరువాత తలుపు మూసి, ముందు అంచు దగ్గరా వెనక అంచు దగ్గరా సందు గమనించండి. పై నుంచి కింది దాకా సమానంగా ఉండాలి. పైన ఇరుకుగా కింద వెడల్పుగా ఉంటే కారు నడుం వంగినట్టు. చివరగా ముందు వైపు జాకీ పెట్టి ఎత్తి, అదే తలుపు తెరిచి మూయండి. ఎత్తకముందు సాఫీగా పడిన తలుపు ఇప్పుడు పట్టేస్తుంటే సిల్స్ బలం పోయిందని అర్థం. అక్కడితో బేరం ఆపేయొచ్చు. ఈ సిల్స్ మార్చాలంటే బాడీ వంగకుండా ఊతం పెట్టి, తలుపులు బిగించి ఉంచే వెల్డింగ్ చేయాలి. ఆ పనికి పూర్తి ఇంజిన్ ఓవర్‌హాల్ కంటే ఎక్కువ ఖర్చవుతుంది.

కింద దూరి చూడాల్సినవి ఇంకో రెండున్నాయి. వెనక కమాను పట్టీల ముందు కొస బాడీకి తగులుకునే చోటు ఒకటి. సీట్ల వెనక ఉండే బ్యాటరీ పెట్టెలు రెండోది. 1974 దాకా ఈ కారుకు రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉండేవి. అవి కూర్చునే పెట్టెల అడుగు యాసిడ్‌కీ నీళ్లకీ చిల్లులు పడుతుంది.

ఎంఎక్స్-5కి తుప్పు పట్టదనుకోవద్దు. మొదటి రెండు తరాల్లో వెనక చక్రానికి సరిగ్గా ముందు, సిల్ చివరి భాగం కుళ్లుతుంది. కారణం చిన్నదే. టాపు మీద పడిన నీళ్లు సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న డ్రెయిన్ గొట్టాల్లోంచి కిందికి పోవాలి. వాటిలో ఆకులు, దుమ్ము అడ్డుపడితే నీళ్లు సిల్‌లోకీ కార్పెట్ కిందికీ చేరతాయి. అర లీటరు నీళ్లు ఆ గొట్టంలో నెమ్మదిగా పోసి చూడండి. కారు కింద వెంటనే ధారగా పడాలి. చుక్కలు చుక్కలుగా పడినా, అసలు పడకపోయినా లోపల తడి నిలుస్తున్నట్టే. 1998 నుంచి 2005 దాకా వచ్చిన రెండో తరంలో ముందు వైపు ఛాసిస్ రెయిల్స్ రెండు పొరల రేకుతో ఉంటాయి. పొరల మధ్య తుప్పు మొదలవుతుంది. కింద ప్లాస్టిక్ కవర్ విప్పితే తప్ప అది కనిపించదు కాబట్టి విప్పించే చూడాలి.

చేతిపని ఎంత ఉంటుంది

ఎంజీబీ నడవాలంటే ప్రతి 5,000 కిలోమీటర్లకు ఒకసారి ఒక సాయంత్రం దానికి ఇవ్వాలి. ఫిల్టర్‌తో కలిపి నాలుగు లీటర్ల పైచిలుకు 20డబ్ల్యూ-50 ఆయిల్ పడుతుంది. పాత ఇంజిన్లకని జింక్ పాళ్లు ఎక్కువ వేసి చేసే ఆయిలే పోయాలి. ఈ ఇంజిన్‌లో వాల్వులను కదిలించే ట్యాపెట్లు, వాటిని తోసే క్యామ్ మీద నేరుగా రాసుకుంటాయి, జింక్ తక్కువైన ఆయిల్‌తో రెండూ అరుగుతాయి. ముందు చక్రాలు పక్కకు తిరిగే ఇరుసులైన కింగ్‌పిన్‌లకు ఒక్కో వైపు మూడు నిపుల్స్, అంటే గ్రీజు ఎక్కించే మూతులు ఉంటాయి. గ్రీజు గన్‌తో పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. దీన్ని రెండు మూడు సార్లు ఎగ్గొడితే కింగ్‌పిన్ పట్టేసి స్టీరింగ్ బరువెక్కుతుంది, లేదా అరిగి చక్రం ఊగుతుంది.

తరువాత ఇంజిన్ సర్దుబాట్లు. స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంపే పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మి.మీ., స్పార్క్ ప్లగ్గు సందు 0.64 మి.మీ., ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్ సందు 0.38 మి.మీ. ప్రతి సర్వీసులోనూ ఎగ్జాస్ట్ వాల్వు సందు తగ్గుతూ వస్తుంటే ఆ వాల్వు తన సీటును, అంటే మూసుకున్నప్పుడు ఆనుకునే అంచును తినేస్తోందని గుర్తించండి. సీసం కలిపిన పెట్రోలు ఉన్న రోజుల్లో చేసిన హెడ్ ఇది, ఆ సీసమే సీట్లను కాపాడేది. గట్టి సీట్లు వేయించడమే దీనికి మందు. కొనేముందే ఆ పని అయిందా అని అడగండి, బిల్లు చూపించమనండి.

ఎంజీబీలో పెట్రోలును గాలితో కలిపే ఎస్‌యూ కార్బురేటర్లంటే చాలామందికి భయం గానీ, అవి చెప్పినట్టు వినే యంత్రాలు. మిశ్రమం సరిగ్గా ఉందో లేదో చూడటానికి పరికరం అక్కర్లేదు. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఐడిల్‌లో తిరుగుతుండగా, కార్బురేటర్ పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు కూడా మించకుండా పైకెత్తండి. వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. ఇంజిన్ ఆగిపోబోతే పెట్రోలు తక్కువవుతోంది. ఒక్క క్షణం కొద్దిగా పెరిగి మళ్లీ మామూలుకు వస్తే సరిగ్గా ఉంది. రెండు కార్బురేటర్లకూ గాలి సమానంగా అందేలా సరిచేశాకే ఈ పరీక్ష చెయ్యాలి, లేకపోతే ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది. కార్బురేటర్ పైన పిస్టన్ కదలికను నెమ్మదింపజేసే డ్యాష్‌పాట్‌లో నూనె అడుగంటితే ఏక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ ఒకసారి తడబడుతుంది. దాన్ని చూసి పెట్రోలు పాళ్లను మార్చే జెట్లు తిప్పడం మొదలుపెట్టకండి, ముందు నూనె పోయండి.

దారిలో ఆగిపోతే కారణం దాదాపు ఎప్పుడూ రెండింట్లో ఒకటి: కరెంటు, లేదా పెట్రోలు. తాళం తిప్పగానే వెనక నుంచి పెట్రోలు పంపు టిక్‌టిక్‌మనాలి. చప్పుడు లేకపోతే పంపు పాయింట్లు అతుక్కున్నాయి, మెల్లగా తట్టితే ఇంటిదాకా చేరుస్తుంది. పంపు పనిచేస్తూ, బండి వేడెక్కాక మాత్రమే ఆగి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంటే పాయింట్లకు జతగా ఉండే కండెన్సర్‌ను అనుమానించండి. ఇప్పుడు అమ్మే నకలు కండెన్సర్లు, రోటార్ ఆర్మ్‌లు చాలావరకు నాసిగా ఉంటున్నాయి. కొత్తది వేశాం కదా అని దాన్ని వదిలేసి మిగతావన్నీ వెతకడం వల్లే రోజులు వృథా అవుతాయి. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపల పట్టే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేసుకుంటే పాయింట్లు, కండెన్సర్ గొడవ తప్పుతుంది. బయటికి కారు రూపం ఏమీ మారదు. ఈ కారుకు చేసే మార్పుల్లో మొదటి స్థానం మేము దీనికే ఇస్తాం.

ఎంఎక్స్-5 విషయంలో ఇంత చెప్పడానికి ఉండదు. అది దాని గొప్పతనమే. ఆయిల్, ఫిల్టర్లు, రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్, మొదటి రెండు తరాలకు 1,00,000 కిలోమీటర్లకోసారి టైమింగ్ బెల్టు. మూడో తరం నుంచి చైనే. బెల్టు మార్చేటప్పుడే వాటర్ పంపు, ఆయిల్ సీళ్లు కూడా మార్పించండి. విప్పే శ్రమ ఒకటే కాబట్టి రెండోసారి కూలి మిగులుతుంది.

ఆధునిక కారు ఎక్కడ దెబ్బతీస్తుంది

ఎంజీబీ చిన్నచిన్నగా చెడుతుంది, ముందే శబ్దంతోనో వాసనతోనో చెబుతుంది. ఆధునిక కారు ఏళ్ల తరబడి ఏమీ అడగదు. అడిగిన రోజు మాత్రం పెద్ద మొత్తం అడుగుతుంది. ఎల్‌ఈడీ హెడ్‌లైటు పగిలితే బల్బు మార్చడం ఉండదు, లైటు మొత్తం మార్చాలి. ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగితే స్కానర్ లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు. నాలుగో తరం కారును మూడు నాలుగు వారాలు కదపకుండా వదిలేస్తే అలారం, తాళం రిసీవర్ లాంటివి కొద్దికొద్దిగా కరెంటు తాగుతూ బ్యాటరీని దించేస్తాయి.

తరాల వారీగా తెలిసిన లోపాలున్నాయి. 1989 నుంచి 1991 దాకా వచ్చిన 1.6 లీటర్ల తొలి కార్లలో క్రాంక్ షాఫ్ట్ ముందు కొస పొట్టిగా ఉండేది. అక్కడ పుల్లీ బోల్టు వదులైతే పుల్లీ జారకుండా పట్టే కీ గాడి అరిగి, టైమింగ్ తప్పి, చివరికి క్రాంక్ షాఫ్టే పోతుంది. ఐడిల్‌లో ఆ పుల్లీని ఎదురుగా చూడండి, ఊగకూడదు. పుల్లీ మధ్య భాగంలో నాలుగు గాట్లుంటే పొట్టి కొస, ఎనిమిదుంటే తరువాత వచ్చిన పొడుగు కొస. మొదటి రెండు తరాల్లోనూ క్లచ్‌ను కదిలించే స్లేవ్ సిలిండర్ కారడం మామూలే, అది చవకైన రిపేరు. మొదటి తరంలో ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పైనుంచి టకటకమనే చప్పుడు ఆయిల్ ఒత్తిడితో సందు సర్దుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లది. ఆయిల్ మార్చి కొంచెం దూరం నడిపితే చాలాసార్లు తగ్గుతుంది, దానికి బెదిరి మంచి కారును వదులుకోవద్దు. నాలుగో తరం మొదట్లో వచ్చిన 2 లీటర్ల కార్లలో కొన్నింటికి గేర్‌బాక్సులు పోయాయి, కంపెనీ తరువాత లోపలి భాగాలు మార్చింది. 2016, 2017 నాటి కారు చూస్తుంటే రెండో గేరులో గట్టిగా లాగించి, వెంటనే ఏక్సిలరేటర్ వదిలి వినండి. ఏడుపులాంటి చప్పుడు వచ్చినా, గేరు జారి బయటికొచ్చినా వదిలేయండి.

విడిభాగాల విషయంలో చాలామంది అంచనా తలకిందులు. పాత కారుకు ఏమీ దొరకవనుకుంటారు. ఎంజీబీకి 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ కొత్త బాడీ షెల్స్ తయారు చేసి అమ్ముతూ వచ్చింది. అద్దం రబ్బరు నుంచి సిలిండర్ హెడ్ దాకా దాదాపు ప్రతిదీ కొత్తది దొరుకుతుంది. ఇబ్బంది నాణ్యతతోనే: రబ్బరు బుష్‌లు ఏడాదికే చీలడం, రేకులు సరిగ్గా కూర్చోకపోవడం. ఇక మజ్దా మొదటి తరం కార్ల పునరుద్ధరణ కార్యక్రమాన్ని 2017లో ప్రకటించి కొన్ని భాగాలను మళ్లీ తయారు చేయించింది. నిజంగా ఆలోచించాల్సింది ఎలక్ట్రానిక్ పెట్టెల గురించి. కార్బురేటర్‌ను ఏ కాలంలోనైనా లేత్ మీద బాగు చేసుకోవచ్చు. కారు తాళంతో, ఇంజిన్ కంప్యూటర్‌తో జత కలిపిన పెట్టె తయారీ ఆగిపోయాక అలా కుదరదు. కొన్న కారును 30 ఏళ్లు ఉంచుకోవాలనుకునేవాళ్లు ఈ ఒక్క లెక్క దగ్గర ఎంజీబీ వైపే మొగ్గాలి.

నడపడం

ఎంజీబీలో గంటకు 80 కిలోమీటర్ల దగ్గరే వేగం ఒంటికి తెలుస్తుంది. స్టీరింగ్‌కు పవర్ సాయం ఉండదు, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేదు. తడి రోడ్డు మీద ముందు బండికి ఇప్పటి కార్ల కంటే రెట్టింపు ఎడం ఉంచాలి. వాన పడితే టాపు అంచుల నుంచి చినుకులు లోపలికొస్తాయి. ఇంజిన్ వేడి కాళ్లకు తగులుతుంది. ఇవన్నీ అరగంట ప్రయాణంలో ఆనందం, రోజూ గంట ట్రాఫిక్‌లో అలసట. నాలుగో తరం ఎంఎక్స్-5 టాపును సీట్లో కూర్చునే ఒక చేత్తో వెనక్కి తోసేయొచ్చు. ప్రమాదంలో రక్షణను కొలిచే యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో దానికి 2015లో నాలుగు నక్షత్రాలు వచ్చాయి. పక్క సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టి వెళ్లే కారైతే ఇంకో ఆలోచన వద్దు, ఆధునికమైనదే తీసుకోండి.

ఏ సంవత్సరం తీసుకోవాలి

ఎంజీబీలో మా సలహా 1967 చివరి నుంచి 1974 దాకా వచ్చిన క్రోమ్ బంపర్ల కార్లు. అంతకు ముందు వాటిలో మొదటి గేరుకు సింక్రో, అంటే గేర్ల వేగాలను కలిపి సాఫీగా పడేలా చేసే ఏర్పాటు ఉండదు, కారు పూర్తిగా ఆగాకే వెయ్యాలి. బ్యాటరీని చార్జ్ చేయడానికి ఆల్టర్నేటర్‌కు బదులు పాతకాలపు డైనమో ఉంటుంది, పైగా బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి ఎర్త్ చేసి ఉంటుంది. అది తెలియక ఇప్పటి రేడియోనో ఫోన్ చార్జరో కలిపితే కాలిపోతుంది. 1967 మార్పులతో నాలుగు గేర్లకూ సింక్రో, ఆల్టర్నేటర్, నెగటివ్ ఎర్త్ వచ్చాయి. 1974 చివర్లో రబ్బరు బంపర్లు పెట్టి కారును కొంచెం ఎత్తు పెంచారు. దాంతో మలుపుల్లో ఒరగడం ఎక్కువైంది. ధర తక్కువ కాబట్టి కొంటే తప్పులేదు. స్ప్రింగులు మార్చి కిందికి దించుకోవచ్చు కూడా. ఓవర్‌డ్రైవ్, అంటే పై గేరులో ఇంజిన్ తిరుగుడు ఇంకా తగ్గించే అదనపు ఏర్పాటు ఉన్న కారు దొరికితే కొంచెం ఎక్కువైనా ఇచ్చి తీసుకోండి. నాలుగో గేరులో మీట నొక్కితే ఇంజిన్ తిరుగుడు దాదాపు ఐదో వంతు తగ్గాలి. తగ్గకపోతే ఎక్కువసార్లు వైరింగ్ లోపమే, గేర్‌బాక్సు పోయినట్టు కాదు.

వైర్ స్పోకుల చక్రాలుంటే వెనక చక్రాన్ని జాకీ మీద ఎత్తి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాన్ని ముందుకూ వెనక్కూ తిప్పండి. హబ్ కదలకుండా చక్రం మాత్రం ఠక్కుమని కదిలితే లోపలి పళ్లు అరిగాయి. చక్రంతో పాటు హబ్ కూడా మార్చాలి. వేడెక్కిన ఇంజిన్‌కు ఆయిల్ ప్రెషర్ నడుస్తున్నప్పుడు 50 పీఎస్‌ఐ పైన, ఐడిల్‌లో 15కి తగ్గకుండా ఉండాలి. చూడటానికి వెళ్లినప్పుడు ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. మీరు రాకముందే వేడెక్కించి ఉంచిన ఇంజిన్ అయితే చల్లారాక మళ్లీ వస్తామని చెప్పండి.

రెండింటి మధ్యలో నలిగిపోయేవాళ్లకు మూడో దారి ఒకటుంది, మా మొగ్గు కూడా చాలామంది విషయంలో దాని వైపే. 1993 చివర్లో మొదలైన 1.8 లీటర్ల మొదటి తరం ఎంఎక్స్-5. పైకి లేచే హెడ్‌లైట్లు, తేలికైన ఒళ్లు, నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, ఉదయాన్నే ఒక్క తాళానికి స్టార్టయ్యే ఫ్యూయల్ ఇంజెక్షన్. సాధారణ స్పానర్లతో ఇంటి దగ్గరే చాలా పని చేసుకోవచ్చు. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫివా లెక్కలో 30 ఏళ్లు నిండిన బండి చారిత్రక వాహనం కాబట్టి తొలి కార్లు ఇప్పటికే ఆ జాబితాకు అర్హమయ్యాయి. పాత వాహనాలకు ఇచ్చే రిజిస్ట్రేషన్, బీమా వెసులుబాట్లు మీ చోట ఎలా ఉన్నాయో, ఏడాదికి ఇన్నే కిలోమీటర్లని షరతు ఉందో లేదో కొనక ముందే కనుక్కోండి. పాత కారుకు బీమా చేయిస్తే ప్రమాదం జరిగినప్పుడు ఇచ్చే విలువను ముందుగానే కాగితం మీద ఖాయం చేయించుకోండి, లేదంటే మామూలు తరుగుదల లెక్కలో ఏమీ మిగలదు.

ఎంజీబీ తీసుకుంటే ధరలో ఐదో వంతు మొదటి ఏడాది ఖర్చులకు పక్కన ఉంచండి. ఇంటికి రాగానే చేయాల్సిన పనులు వరసగా ఇవి: పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే ఆర్9 రకానివి వేయించడం, రబ్బరు బ్రేక్ గొట్టాలు మార్చడం, టైరు పక్కన చివరి నాలుగు అంకెల్లో తయారైన వారం, సంవత్సరం చూసి పదేళ్లు దాటినవాటిని గాట్లు ఎంత లోతున్నా తీసేయడం, రేడియేటర్ కడిగి 82 డిగ్రీల థర్మోస్టాట్ కొత్తది పెట్టడం. ఆ తరువాతే దూరం వెళ్లండి. ఎంఎక్స్-5 తీసుకుంటే మొదటి వారంలో డ్రెయిన్ గొట్టాలు శుభ్రం చేయించి, స్కానర్ పెట్టి పాత కోడ్‌లు చదివించి, వారాల తరబడి నిలబెట్టే కారైతే బ్యాటరీకి మెయింటెయినర్ చార్జరు తగిలించి ఉంచండి.